యిర్జీ మెంజెల్: నిషేధించిన ప్రభుత్వమే మళ్లీ సినిమా ఎందుకు తీయనిచ్చింది?

1990 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవం పెద్ద బహుమతి గోల్డెన్ బేర్‌ను రెండు సినిమాలకు కలిపి ఇచ్చారు. ఒకటి కోస్టా గావ్రాస్ కొత్తగా తీసిన 'మ్యూజిక్ బాక్స్'. రెండోది 'లార్క్స్ ఆన్ ఎ స్ట్రింగ్'. దీని పని 1969లోనే పూర్తయింది. తీయించిన చెకోస్లొవేకియా కమ్యూనిస్టు ప్రభుత్వమే దాన్ని డబ్బాల్లో పెట్టి తాళం వేసింది. ఆ ప్రభుత్వం 1989 చివర్లో కూలిపోయాక గానీ తాళం తీయలేదు.

ఇంతవరకు వింటే మనకు తెలిసిన కథలాగే ఉంటుంది: ధైర్యం చేసిన దర్శకుడు, అణచివేసిన సర్కారు, ఆలస్యంగా దక్కిన గౌరవం. చిక్కంతా మధ్యలోని ఇరవై ఏళ్లతో వస్తుంది. ఆ దర్శకుడు యిర్జీ మెంజెల్ ఆ కాలంలో జైల్లో లేడు, దేశం విడిచీ పోలేదు. 1974 నుంచి 1989 వరకు అదే ప్రభుత్వ స్టూడియోలో, అదే ప్రభుత్వ డబ్బుతో ఏడు చెక్ ఫీచర్ సినిమాలు తీశాడు. అందులో ఒకటి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అందుకే ఆయన గురించి చదివేవాళ్లకు రెండు పొంతన లేని బొమ్మలు కనిపిస్తాయి. ఒకచోట నిషేధానికి గురైన కళాకారుడు, ఇంకోచోట పాలకులతో సర్దుకుపోయిన మనిషి. రెండింటికీ ఆధారాలున్నాయి. ఏది ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ముందు ఆ దేశంలో సినిమా ఎవరి చేతిలో ఉండేదో చూడాలి.

నిర్మాత, సెన్సార్, డిస్ట్రిబ్యూటర్ ఒక్కరే అయితే

మన దగ్గర నిర్మాత డబ్బు పెడతాడు, సినిమా పూర్తయ్యాక సెన్సార్ బోర్డు చూస్తుంది. కట్స్ మరీ ఎక్కువైతే నిర్మాత కోర్టుకు వెళ్తాడు. అతని డబ్బు ఇరుక్కుపోయింది కాబట్టి పోరాడక తప్పదు. చెకోస్లొవేకియాలో ఇలా ఎదురెదురుగా నిలబడే ఇద్దరు లేరు. 1945 ఆగస్టులో అధ్యక్షుడు ఎడ్వర్డ్ బెనెష్ ఉత్తర్వుతో సినిమా రంగమంతా జాతీయమైంది. కమ్యూనిస్టులు పూర్తి అధికారం చేపట్టింది 1948 ఫిబ్రవరిలో, అంటే జాతీయం అయ్యాకే. ప్రాగ్ శివార్లలోని బరాందోవ్ స్టూడియో, ల్యాబులు, థియేటర్లు, పంపిణీ, విదేశాలకు అమ్మకం, అన్నీ సర్కారువే. దర్శకుడు కూడా ఆ సంస్థలో ఉద్యోగి లాంటివాడే.

ఈ ఏర్పాటు వల్ల ఒక మేలు జరిగింది. మొదటివారం కలెక్షన్ల టెన్షన్ పెద్దగా లేదు కాబట్టి పాతికేళ్ల కుర్రాడి చేతిలో ఫీచర్ సినిమా పెట్టడానికి వెనకాడలేదు. కీడు కూడా అక్కడే ఉంది. సినిమాను ఆపేస్తే దివాలా తీసేవాడెవరూ ఉండరు, కాబట్టి గట్టిగా అరిచేవాడూ ఉండడు. ఇక్కడ కుదరకపోతే వేరే బేనర్‌కు వెళ్దాం అనుకోవడానికీ లేదు. ఉన్నది ఒక్కటే బేనర్.

మధ్యలో ఒక మెట్టు ఉండేది. బరాందోవ్‌లో కథల్ని ఎంచుకుని, స్క్రిప్టుల్ని సానబట్టి, పైఅధికారుల దగ్గర వాటి తరఫున మాట్లాడే చిన్న చిన్న బృందాలుండేవి. వీటిని సృజన బృందాలు అనొచ్చు. 1960లలో వీటికి చేతినిండా స్వేచ్ఛ దొరికింది. చెక్ న్యూ వేవ్ అని ఇవాళ మనం చెప్పుకునే సినిమాలు రావడానికి దర్శకుల ప్రతిభ ఎంత కారణమో, వాళ్ల కోసం లోపల నిలబడిన ఈ బృందాలూ అంతే కారణం. దీన్ని పక్కన పెట్టి చూస్తే, నియంతృత్వంలో అంత మంచి సినిమాలు ఎలా వచ్చాయన్నది ఏదో మాయలా కనిపిస్తుంది.

అలాగని అంతా సాఫీగా సాగలేదు. వేరా హితిలోవా తీసిన 'డైసీస్'లో ఇద్దరమ్మాయిలు విందు బల్ల మీది తిండిని తొక్కి, విసిరి పాడుచేస్తారు. 1967 మేలో ఒక సభ్యుడు పార్లమెంటులో లేచి, శ్రామికుల సొమ్ముతో తీసే సినిమాల్లో తిండిని ఇలా నేలపాలు చేస్తారా అని మండిపడ్డాడు. డబ్బు ప్రజలది అన్నప్పుడు ఏ సినిమా మీదైనా ఇలాంటి మాట అనడం సులువే.

నాటకం కోసం వెళ్లి సినిమాలో తేలినవాడు

మెంజెల్ 1938 ఫిబ్రవరి 23న ప్రాగ్‌లో పుట్టాడు. తండ్రి యోసెఫ్ మెంజెల్ పాత్రికేయుడు, పిల్లల రచయిత. కొడుక్కి నాటకాల మీద మోజు. నాటక విద్యాలయంలో సీటు రాలేదు. కొన్నాళ్లు టీవీలో చిన్న ఉద్యోగం చేసి, 1946లో మొదలైన ఫాము అనే ప్రభుత్వ ఫిల్మ్ స్కూల్లో చేరాడు.

అక్కడ గురువు ఓతకర్ వావ్రా. నాజీల ఆక్రమణలో సినిమాలు తీసి, కమ్యూనిస్టుల కాలంలో ఇంకా పెద్ద సినిమాలు తీసి, వందేళ్లు బతికి 2011లో పోయాడు. ప్రభుత్వాలెన్ని మారినా పని ఆగకుండా చూసుకోవడమెలాగో తెలిసిన మనిషి. ఆయన క్లాసులో మెంజెల్‌తో పాటు చదివింది హితిలోవా, ఎవాల్డ్ షోర్మ్ లాంటివాళ్లు. అన్ని కాలాల్లోనూ నెగ్గుకొచ్చిన ఉపాధ్యాయుడు, ఏ కాలంలోనూ కుదురుగా ఇమడని శిష్యులు. ఈ జోడీ నాకు ఎప్పుడూ తమాషాగా అనిపిస్తుంది.

మెంజెల్‌ను దర్శకుడిగా నిలబెట్టింది మాత్రం ఒక రచయిత. బోహుమిల్ హ్రబల్ న్యాయశాస్త్రం చదివి, రైల్వేలో, ఉక్కు ఫ్యాక్టరీలో, చిత్తు కాగితాల గోదాములో పనిచేసి, దాదాపు యాభై ఏళ్ల వయసులో మొదటి కథల పుస్తకం తెచ్చినవాడు. బీరుషాపుల్లో మనుషులు ఆగకుండా చెప్పుకునే కబుర్లు ఆయన శైలికి ముడిసరుకు. 1965లో ఐదుగురు యువ దర్శకులు హ్రబల్ కథలు ఐదింటిని తీసుకుని 'పెర్ల్స్ ఆఫ్ ది డీప్' అనే సంకలన చిత్రం తీశారు. మెంజెల్ వంతుకు మోటార్‌సైకిల్ రేసు చూడ్డానికి వెళ్లిన ఒక కుటుంబం కథ వచ్చింది. రేసు కన్నా పాత ప్రమాదాల గురించి వాళ్లు ముచ్చటగా చెప్పుకునే మాటలే అందులో అసలు విషయం. అప్పటి నుంచి హ్రబల్ చివరిదాకా మెంజెల్‌ను వదల్లేదు.

ఒక రబ్బరు స్టాంపు, ఒక బాంబు

1966లో వచ్చిన 'క్లోజ్లీ వాచ్డ్ ట్రెయిన్స్' మెంజెల్ మొదటి పూర్తి నిడివి సినిమా. కథ నాజీల ఆక్రమణ చివరి రోజుల్లో, ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో. మిలోష్ అనే కుర్రాడు అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరతాడు. వాళ్ల తాత హిప్నాటిజం తెలిసినవాడు. జర్మన్ ట్యాంకులు వస్తుంటే చూపుతో ఆపేస్తానని వాటికి ఎదురెళ్లి చచ్చిపోయాడు. తండ్రి నలభై ఎనిమిదేళ్లకే పింఛను తీసుకుని సోఫా మీద పడుకున్న ఇంజన్ డ్రైవరు. మిలోష్ ఆశయం కూడా ఇంచుమించు అదే: ఏ పనీ పెట్టుకోకుండా యూనిఫాం వేసుకుని నిలబడటం. అంతకన్నా పెద్ద దిగులు అతనికి ఇంకోటుంది. అమ్మాయితో గడిపిన మొదటి రాత్రి పరువు పోయిందని మణికట్టు కోసుకుంటాడు. అతన్ని పరీక్షించి సలహా ఇచ్చే డాక్టర్ వేషం మెంజెలే వేశాడు.

అందరికీ గుర్తుండిపోయే సన్నివేశం వేరు. రాత్రి డ్యూటీలో బోర్ కొట్టి హుబిచ్కా అనే ఉద్యోగి, టెలిగ్రాఫ్ అమ్మాయి పిరుదుల మీద ఆఫీసు రబ్బరు స్టాంపులు ఒక్కొక్కటిగా వేస్తాడు. ఆ పిల్ల తల్లి ఊరూరా తిప్పి అధికారులకు ఆ ముద్రలు చూపించి ఫిర్యాదు చేస్తుంది. చివరికి విచారణ సంఘం తేల్చే నేరమేమిటంటే, అమ్మాయికి జరిగిన అవమానం కాదు, స్టాంపుల మీదున్న జర్మన్ అనే రాజభాషకు జరిగిన అవమానం. ఈ విచారణ లోపల నడుస్తుండగానే బయట మిలోష్ సిగ్నల్ స్తంభమెక్కి ఆయుధాల రైలు మీద బాంబు వేస్తాడు, తుపాకీ గుండు తగిలి అదే రైలు మీద పడిపోతాడు.

మెంజెల్ పద్ధతంతా ఈ రెండు సన్నివేశాల్లో ఉంది. వీరుణ్ని వీరుడిలా చూపించడు. చరిత్ర పుస్తకంలో చేరాల్సిన పనిని, సిగ్గుతో చావబోయిన ఒక కుర్రాడు ఒక మామూలు ఉదయం చేసేస్తాడు. అధికారం భయపెట్టేదిగా కాక, తిక్కతిక్కగా కనిపిస్తుంది. నాజీ వ్యతిరేక పోరాటాన్ని విగ్రహాల భాషలో చెప్పడం అలవాటైన చోట ఇది చిన్న సంగతి కాదు. 1968 ఏప్రిల్‌లో ఈ సినిమాకు ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అప్పటికి మెంజెల్‌కు ముప్ఫై ఏళ్లు నిండి రెండు నెలలు కూడా కాలేదు.

అదే ఏడాది 'కెప్రీషియస్ సమ్మర్' కార్లొవి వారి అనే చెక్ పట్టణంలో జరిగే చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గెలిచింది. నదీతీరంలో ముగ్గురు నడివయసు మిత్రులు, ఊళ్లోకి వచ్చిన ఒక గారడీవాడు, అతని వెంట వచ్చిన అమ్మాయి. ఇంతే కథ. గారడీవాడు మెంజెలే, తాడు మీద నడవడం అందుకోసమే నేర్చుకున్నాడు. మూల నవల రాసిన వ్లాదిస్లావ్ వాంచురాను 1942లో నాజీలు కాల్చిచంపారు.

క్లాద్నో పాత ఇనుము గుట్టలు

1968 జనవరిలో అలెగ్జాండర్ దుబ్చెక్ పార్టీ పగ్గాలు చేపట్టాడు. సోషలిజాన్ని ఉంచి దాని కట్టుబాట్లను సడలించాలన్న ఆ ప్రయత్నమే ప్రాగ్ వసంతం. జూన్‌లో పత్రికల సెన్సార్‌షిప్ చట్టప్రకారం పోయింది. ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, పోలండ్, హంగరీ, బల్గేరియా సేనలు సరిహద్దు దాటాయి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ట్యాంకులు వచ్చిన మర్నాడే సినిమాలు ఆగిపోలేదు. దుబ్చెక్‌ను దించి గుస్తావ్ హుసాక్‌ను కూర్చోబెట్టింది 1969 ఏప్రిల్‌లో. స్టూడియోల్లో అధికారుల్ని మార్చి సృజన బృందాలను రద్దు చేయడానికి 1970 దాకా పట్టింది. వసంతంలో మొదలైన సినిమాలు ఈ సందులో పూర్తయ్యాయి. 'లార్క్స్' అలాంటి సినిమా.

ఇది కూడా హ్రబల్ కథల నుంచే వచ్చింది. 1950 ప్రాంతం, క్లాద్నో ఉక్కు ఫ్యాక్టరీ పాత ఇనుము యార్డు. కొత్త వ్యవస్థకు పనికిరారని తేల్చిన 'బూర్జువాల'ను అక్కడికి పనికి తోలారు. పుస్తకాలు చించనన్న తత్వశాస్త్ర ప్రొఫెసరు, సాక్సోఫోన్ వాయించేవాడు, పాలడిపో నడిపినవాడు, మత నియమం వల్ల శనివారం పనిచేయనన్న వంటవాడు పావెల్. కంచె అవతల ఖైదీ ఆడవాళ్లు, వాళ్ల నేరం దేశం దాటి పారిపోబోవడం. పావెల్‌కూ యిత్కా అనే ఖైదీకీ ప్రేమ పుడుతుంది. పెళ్లి రోజున పెళ్లికూతురు జైల్లో ఉంటే, ఆమె బదులు ఒక ముసలావిడ పక్కన నిలబడుతుంది.

పై నుంచి ఒక ప్రముఖుడు యార్డు చూడ్డానికి వస్తాడు. ఉన్నట్టుండి మాయమైపోయిన ప్రొఫెసరూ పాలవాడూ ఎక్కడున్నారని పావెల్ మర్యాదగానే అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు అతన్నీ తీసుకుపోతారు. చివర్లో గనిలోకి దిగే లిఫ్టులో కూర్చుని, పైన చిన్నదైపోతున్న వెలుగును చూస్తూ కిందికి పోతాడు.

ఇందులో కేకలు లేవు, రక్తం లేదు. మరి ఎందుకు నిషేధించారు? 'ట్రెయిన్స్' పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్కడ వెటకారం నాజీల కాలపు ఉద్యోగుల మీద. చూసేవాళ్లు తమ ఆఫీసుల్ని తలుచుకుని నవ్వితే నవ్వొచ్చు గానీ, తెర మీద ఉన్నది శత్రువు. 'లార్క్స్'లో ఆ చాటు లేదు. ఇరవై ఏళ్ల కిందట పార్టీయే చేసిన పనిని, ఆ పని చేసిన చోటనే నిలబెట్టి చూపించింది. పైగా హుసాక్ పాలన మళ్లీ అదే పని మొదలుపెట్టింది. ప్రొఫెసర్లను, పాత్రికేయులను ఉద్యోగాల నుంచి తీసేసి కిటికీ అద్దాలు తుడిచే పనులకూ, బాయిలర్ గదులకూ పంపుతున్న రోజులవి. పాత తప్పు మీద తీసిన సినిమా విడుదలయ్యే సమయానికి తాజా వార్త అయిపోయింది.

నలుగురు వెళ్లిన నాలుగు దారులు

1969 తర్వాతి ఇరవై ఏళ్లను చెక్ చరిత్రలో నార్మలైజేషన్ అంటారు, అంటే పరిస్థితుల్ని 'మామూలు'కు తేవడం. వాస్తవంలో ఉద్యోగాలు ఊడటం, పుస్తకాలు తుక్కు కావడం, 1968 గురించి తప్పు ఒప్పుకుంటున్నట్టు సంతకాలు తీసుకోవడం. ఈ కాలంలో మెంజెల్ తరం ఏమైందో చూస్తే, ఆయన నిర్ణయాన్ని తూచడానికి రాళ్లు దొరుకుతాయి.

మిలోష్ ఫోర్మన్ బయటే ఉండిపోయాడు. అమెరికాలో 'వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్', 'అమడియస్' తీసి రెండుసార్లు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. 'అమడియస్' షూటింగ్ ఎక్కువ భాగం 1983లో ప్రాగ్‌లోనే జరిగింది. వెళ్లిపోయిన పౌరుడికి తలుపులు మూసిన ప్రభుత్వం, డాలర్లు తెచ్చే యూనిట్‌కు తెరిచింది.

హితిలోవా ఉండిపోయింది, ఏళ్ల తరబడి ఫీచర్ సినిమా ఇవ్వలేదు. 1975లో నేరుగా అధ్యక్షుడు హుసాక్‌కే ఉత్తరం రాసి తన పని ఎందుకు ఆపారో చెప్పమని అడిగింది. ఆ తర్వాత 'ది ఆపిల్ గేమ్' తీయనిచ్చారు. అందులో హీరో మెంజెలే, వేషం డాక్టరు. ఎవాల్డ్ షోర్మ్ కూడా ఉండిపోయాడు గానీ సినిమా చేయిజారిపోయింది. నాటకాలు, ఒపెరాలు వేయించుకుంటూ 1988 చివర్లో కన్నుమూశాడు. ఇంకో ఏడాది ఉంటే ఆ ప్రభుత్వం పడిపోవడం చూసేవాడు.

మెంజెల్‌ది నాలుగో దారి. 1974లో 'హూ లుక్స్ ఫర్ గోల్డ్' తీశాడు. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాడు దలేషిత్సె ఆనకట్ట పనిలో చేరి, లారీ నడుపుతూ, ఎక్కువ డబ్బు కన్నా నిజాయితీ గల పని విలువ తెలుసుకునే కథ. ప్రభుత్వం ఏం చూపించమంటుందో అదే. మెంజెల్ అభిమానులు కూడా దీన్ని ఆయన మంచి సినిమాల్లో లెక్కవేయరు. దాన్ని ప్రవేశ రుసుము అనుకోవచ్చు. అది చెల్లించాక తలుపు తెరుచుకుంది.

ఎంతవరకు నవ్వొచ్చు, ఎవరి మీద నవ్వొచ్చు

తర్వాత వచ్చిన సినిమాలు ప్రచార చిత్రాలు కావు, అసలు తేడా ఇక్కడే. 1976లో 'సెక్లూజన్ నియర్ ఎ ఫారెస్ట్' పల్లెలో వారాంతపు ఇల్లు కొనుక్కోవాలని తంటాలు పడే ప్రాగ్ కుటుంబం కామెడీ. 1978లో తొలినాటి మూకీ సినిమావాళ్ల మీద ఒకటి. 1980లో 'కటింగ్ ఇట్ షార్ట్', మళ్లీ హ్రబల్. చిన్న ఊరి బీరు ఫ్యాక్టరీ మేనేజరు, అతని అందగత్తె భార్య, గట్టిగా అరుస్తూ మాట్లాడే మరిది పెపిన్. ఆవిడ, పెపిన్ కలిసి ఫ్యాక్టరీ పొగగొట్టం ఎక్కి కూర్చుంటే ఊరంతా కింద చేరుతుంది. ఇది హ్రబల్ సొంత తల్లిదండ్రుల కథ. దీని షూటింగ్ జరిగిన పాత బీరు ఫ్యాక్టరీ దలేషిత్సెలోదే. ఆరేళ్ల ముందు ఆనకట్ట సినిమా కోసం వెళ్లిన చోటుకే తిరిగి వెళ్లి, తనకు కావాల్సిన సినిమా తీసుకొచ్చాడన్నమాట.

1985 నాటి 'మై స్వీట్ లిటిల్ విలేజ్'ను కాస్త దగ్గరగా చూద్దాం. జ్దేనెక్ స్వ్యెరాక్ స్క్రిప్టు. సహకార వ్యవసాయ క్షేత్రంలో లారీ డ్రైవరు పావెక్ బొద్దుగా, ముక్కోపిగా ఉంటాడు. అతని సహాయకుడు ఒతిక్ సన్నగా, పొడుగ్గా, బుద్ధి కొంచెం మందంగా ఉంటాడు. వీడితో నా వల్ల కాదని పావెక్ అంటాడు. ఈలోగా ఒతిక్‌కు ప్రాగ్‌లో ఉద్యోగం, ఫ్లాటు వస్తాయి. అసలు సంగతేమిటంటే, ఒతిక్‌కు వారసత్వంగా వచ్చిన ఇంటి మీద నగరంలోని ఒక పెద్ద అధికారి కన్నుపడింది. విషయం తెలిసి పావెక్ ప్రాగ్ వెళ్లి ఒతిక్‌ను వెనక్కి తెచ్చుకుంటాడు.

ఇందులోనూ అధికారులున్నారు, అక్రమం ఉంది, ఒక అమాయకుణ్ని కదిలించాలన్న కుట్ర ఉంది. 'లార్క్స్'తో పోల్చండి. అక్కడ మనిషిని మాయం చేసేది వ్యవస్థ, వెనక్కి తెచ్చే దారి లేదు. ఇక్కడ తరలించబోయేది ఒక స్వార్థపరుడు, డ్రైవరు లారీ వేసుకుని వెళ్తే పని జరిగిపోతుంది. అధికారి చెడ్డవాడు అనొచ్చు, అధికారం చెడ్డది అనకూడదు. గీత అక్కడ ఉంది. మెంజెల్ చూపించే మనుషులు మారలేదు, వాళ్ల మీద ప్రేమ మారలేదు, కెమెరా తొందరపడకపోవడమూ మారలేదు. ఎవరిని చూసి నవ్వాలన్నదే మారింది. ఈ సినిమాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నేటికీ చెక్ టీవీలో మళ్లీ మళ్లీ వేసే సినిమాల్లో ఇదొకటి. అందులోని డైలాగులు అక్కడి జనం మాటల్లో కలిసిపోయాయి.

సర్దుబాటా, మనుగడా: రెండు వాదనలు

తప్పుబట్టేవాళ్ల మాట ఇది. 1970, 80లలో ఉద్యోగాలు పోగొట్టుకుని, పోలీసుల ఇంటరాగేషన్లు భరించి, జైలుకెళ్లినవాళ్లున్నారు. అదే కాలంలో మెంజెల్ సినిమాల్లోని బంగారు వెలుగు, బీరు నురగ, మంచి మనసున్న పల్లెజనం, 'ఇక్కడ బతుకు అంత చెడ్డగా ఏం లేదులే' అనిపించాయి. ప్రభుత్వానికి కావాల్సింది నినాదాలే కాదు, జనం రాజకీయం మరిచి వారాంతపు ఇళ్లలో మునిగిపోవడం కూడా. ఆ పనికి ఈ సినిమాలు చక్కగా పనికొచ్చాయి. చెడ్డ దర్శకుడు తీసిన ప్రచారం కన్నా మంచి దర్శకుడు తీసిన మురిపెం ఎక్కువ పనిచేస్తుంది. ఈ చివరి మాటకు జవాబు చెప్పడం కష్టం.

సమర్థించేవాళ్ల మాట ఇంకోలా ఉంటుంది. నార్మలైజేషన్ ముఖ్యంగా చేసింది భాషను పాడుచేయడం. పేపర్లు, రేడియో, మీటింగులు అన్నీ ఒకే ఎండిపోయిన మాటల్లో నడిచేవి. ఆ రోజుల్లో థియేటర్లో హ్రబల్ చెక్ వినిపించడమే ఒక ఊపిరి. కోటిన్నర జనాభా దేశంలో కళాకారులందరూ వెళ్లిపోతే మిగిలేదెవరు? షోర్మ్‌లా మౌనంగా ఉండిపోతే చూసేవాడికి ఒరిగేదేమిటి?

ఈ వాదనలో హ్రబల్‌ను మర్చిపోతే సగమే తెలుస్తుంది. 1970లో అచ్చయిన ఆయన పుస్తకాలు రెండు షాపులకు చేరకముందే తుక్కు చేశారు. 1975లో ఒక అధికారిక వారపత్రికలో, పాలకులకు అనుకూలంగా ఉన్న ఆయన ఇంటర్వ్యూ వచ్చింది. దాంతో మళ్లీ ప్రచురణ మొదలైంది. కోపం పట్టలేని కొందరు యువ అసమ్మతివాదులు ప్రాగ్‌లోని కంపా దీవిలో ఆయన పుస్తకాలు తగలబెట్టారు. మరుసటి ఏడాది అచ్చయిన నవలే 'కటింగ్ ఇట్ షార్ట్' సినిమాకు మూలం. అంటే ఆ సినిమా పుట్టడానికి ఒక్క రాజీ కాదు, రెండు కావాల్సి వచ్చాయి: రచయితది ఒకటి, దర్శకుడిది ఒకటి.

నా మటుకు నాకు రెండు వైపులా వేలెత్తి చూపేవాళ్లు ఒక విషయం తక్కువ చేసి మాట్లాడుతున్నారనిపిస్తుంది. నవలాకారుడు రాసింది సొరుగులో దాచుకోవచ్చు, టైపు కాపీలు చేసి పంచొచ్చు. హ్రబల్ అలా కూడా చేశాడు. సినిమాకు సొరుగు లేదు. కెమెరా, ఫిల్ము, ల్యాబు అన్నీ రాజుగారివే. వెళ్లిపోవడం, మానేయడం, అడిగి తీసుకోవడం తప్ప ఇంకోటి లేని చోట, కవిని కొలిచే కొలతతో దర్శకుణ్ని కొలవడం సరికాదు. అయితే దీంతో ఆనకట్ట సినిమా మంచిదైపోదు.

సెన్సార్ పోయాక వచ్చిన కొత్త చిక్కు

1989లో ఆంక్షలు పోయాయి. అప్పటిదాకా చాటుమాటుగా తీసినవాడు ఇక విజృంభిస్తాడనుకుంటాం. జరిగింది వేరు. పదిహేనేళ్లలో ఏడు సినిమాలు తీసిన మెంజెల్, స్వేచ్ఛ వచ్చాక ముప్ఫై ఏళ్లలో ఫీచర్లు తీసింది నాలుగే: 1991లో, అసమ్మతి రచయితగా ఉండి దేశాధ్యక్షుడైన వాత్స్లావ్ హావెల్ నాటకం ఆధారంగా 'ది బెగ్గర్స్ ఒపెరా', 1994లో రష్యన్ సైనికుడు చోంకిన్ కథ, 2006లో 'ఐ సర్వ్డ్ ది కింగ్ ఆఫ్ ఇంగ్లండ్', 2013లో 'ది డాన్ హువాన్స్'. దీన్ని చూపించి పాత పాలనే నయమనేవాళ్లున్నారు. అది తప్పు లెక్క. బరాందోవ్ ప్రైవేటుపరమైంది, సర్కారు డబ్బు ఎండిపోయింది, దర్శకుడే ఊరూరా నిర్మాతల కోసం తిరగాల్సిన రోజులొచ్చాయి. ఆ పని మెంజెల్‌కు ఎప్పుడూ అలవాటు లేదు. ఆయనకు నాటకరంగం ఉంది, విదేశాల్లోనూ నాటకాలు వేయించేవాడు.

'కింగ్ ఆఫ్ ఇంగ్లండ్' హక్కుల కథ ఈ కొత్త కాలానికి నమూనా. హ్రబల్ నవలను సినిమా తీయాలని ఏళ్లుగా ఎదురుచూస్తుండగా హక్కులు చేతులు మారాయి. 1998 కార్లొవి వారి ఉత్సవంలో మెంజెల్ అందరిముందూ బెత్తంతో ఒక నిర్మాత వెనుకభాగం మీద బాదాడు. స్టాంపులు వేసిన సన్నివేశం తీసినవాడు కాబట్టి చోటు ఎంచుకోవడంలో పొరపాటు పడలేదని నవ్వుకున్నవాళ్లు ఉండే ఉంటారు. హ్రబల్ అప్పటికే లేడు. 1997 ఫిబ్రవరిలో ఆసుపత్రి ఐదో అంతస్తు కిటికీ నుంచి పడి చనిపోయాడు.

చివరికి 2006లో వచ్చిన ఆ సినిమాలో యాన్ దీత్యె అనే పొట్టి వెయిటర్ కోటీశ్వరుడు కావాలనుకుంటాడు. హోటళ్లు మారతాడు, నాజీ భక్తురాలైన జర్మన్ అమ్మాయిని పెళ్లాడతాడు, యూదుల ఇళ్ల నుంచి దోచిన తపాలా స్టాంపులతో ధనవంతుడవుతాడు. 1948 తర్వాత కోటిన్నర క్రౌన్లు ఉన్నందుకు, పదిలక్షలకు ఏడాది చొప్పున పదిహేనేళ్ల జైలు. ఏ దొర వచ్చినా ట్రే జారనివ్వని ఈ మనిషిని మెంజెల్ ఖండించడు, క్షమించడు. విమర్శకులు కొందరు ఇది మరీ తియ్యగా ఉందన్నారు. మెంజెల్ తన మీది నిందను తానే తెర మీద పెట్టుకున్న సినిమాగా దీన్ని చూడొచ్చని నేననుకుంటాను.

ముంబైలో మొదలైన ఏడు గంటల ప్రశ్న

మెంజెల్ మీద ఇప్పటిదాకా వచ్చిన విస్తృతమైన డాక్యుమెంటరీ తీసింది భారతీయుడే. శివేంద్ర సింగ్ దుంగార్పూర్ ఏళ్ల తరబడి ప్రాగ్ వెళ్లివచ్చి తీసిన 'చెక్‌మేట్: ఇన్ సెర్చ్ ఆఫ్ యిర్జీ మెంజెల్' 2018లో వచ్చింది. నిడివి ఏడు గంటలు దాటుతుంది. మెంజెల్ ఒక్కడి గురించి అడుగుతూ పోతే ఆ తరమంతా మాట్లాడాల్సి వచ్చింది, అందుకే అంత పొడవు. మెంజెల్ కూడా మన దేశానికి దూరపువాడేం కాదు. 2016లో కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవం ఆయనకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది. 2020 సెప్టెంబరు 5న, ఎనభై రెండేళ్ల వయసులో ప్రాగ్‌లో చనిపోయాడు.

ముంబైలో దుంగార్పూర్ స్థాపించిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ పాత సినిమాలను కాపాడే పని చేస్తుంది. 2019 డిసెంబరులో హైదరాబాద్‌లో కూడా ఫిల్మ్ సంరక్షణ మీద వర్క్‌షాప్ పెట్టింది. 'లార్క్స్'ను నిషేధించినవాళ్లు దాని ఫిల్మును నాశనం చేయలేదు. ప్రభుత్వ ఆస్తి కాబట్టి లెక్కరాసి బీరువాలో పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత బయటికి తీస్తే చెక్కుచెదరకుండా ఉంది, బెర్లిన్‌కు పంపగలిగారు. ఎవరూ నిషేధించని మన మొదటి తెలుగు మూకీ, 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' మాత్రం ఇవాళ చూద్దామన్నా దొరకదు.